మహబూబ్‌నగర్ నుంచి కర్ణాటక సరిహద్దు ఊళ్లు: ఎటు వెళ్లాలి, రెండు వైపులా ఒకేలా ఎందుకుంటాయి?

మహబూబ్‌నగర్ నుంచి ఒక్క రోజులో కర్ణాటక సరిహద్దు ఊళ్లు చూసి రావొచ్చా, అక్కడ భాషలు, అలవాట్లు అంతగా ఎందుకు కలిసిపోయాయి అని అడిగారు. చూసి రావొచ్చు. నేనైతే ముందు మక్తల్ మీదుగా పంచదేవ్‌పహాడ్ వెళ్లమంటాను. అక్కడ పుట్టి (గుండ్రటి బుట్ట పడవ) ఎక్కితే కృష్ణా నది మధ్యలోని కురువపురం దీవిలో దిగుతారు. అది రాయచూరు జిల్లా. దత్తాత్రేయుని అవతారంగా కొలిచే శ్రీపాద శ్రీవల్లభుల క్షేత్రం కాబట్టి మహారాష్ట్ర భక్తులూ వస్తారు. పుట్టి నడిపే మనిషి ఒకరితో తెలుగులో, పక్కవారితో కన్నడంలో మాట్లాడుతూనే తెడ్డు వేస్తుంటాడు. రాష్ట్రం ఎక్కడ మారిందో మనకు తెలియనే తెలియదు. నది పొంగినప్పుడు మాత్రం వెళ్లకండి.

కారణం పాతదే. 1956 నవంబరు 1 దాకా రాయచూరు, మహబూబ్‌నగర్ రెండూ హైదరాబాద్ రాష్ట్రంలోవే. భాషను బట్టి విడదీసినప్పుడు రాయచూరు మైసూరు రాష్ట్రంలోకి పోయింది. గీత గీశారు గానీ చుట్టరికాలు, సంతలు, జొన్నరొట్టె అలాగే ఉండిపోయాయి.

తిరుగు దారిలో నారాయణపేటలో తప్పకుండా ఆగండి. తెలుగు, కన్నడ, మరాఠీ మూడూ వినిపించే ఊరది. చీర కొనకపోయినా ఒకటి విప్పించి చూడండి: ఒళ్లంతా చిన్న చిన్న గళ్లు, అంచు వేరే రంగు. మరాఠీ వాళ్ల పోకడ ఆ నేతలో ఇప్పటికీ ఉంది.

రైలు ఇష్టమైతే, 2023 అక్టోబరులో జక్లేర్-కృష్ణా లైను మొదలైంది. దేవరకద్ర మీదుగా కృష్ణా స్టేషన్, ఆ తర్వాత నది దాటితే రాయచూరు.