‘నీ ఇష్టం’ అంటే ఒప్పుకున్నట్టేనా?

ప్రశ్న: మాది రాజమండ్రి. అమ్మ కాలం నుంచీ మేం కడవరి దిన పరిశుద్ధుల సంఘంలో, అంటే అందరూ మార్మన్ అనే సంఘంలో ఉన్నాం. పెళ్లయ్యాక అమెరికా వచ్చాం, యూటాలోని ఓరెంలో ఉంటున్నాం. మావారిది హెచ్1బి ఉద్యోగ వీసా, నాది భార్యగా వచ్చిన హెచ్4. పిల్లలకు ఆరేళ్లు, మూడేళ్లు. సాల్ట్ లేక్ సిటీలో నాకు పీహెచ్‌డీ సీటొచ్చింది. మావారు ‘నీ ఇష్టం’ అంటారు, ఆ తర్వాత రెండు రోజులు ముభావంగా ఉంటారు. అత్తయ్యగారు ఫోన్లో ‘మూడో బిడ్డ సంగతి చూడకుండా ఇప్పుడు చదువేంటి, డబ్బు దండగ’ అంటున్నారు. మొన్న ఆదివారం ఆరాధన అయ్యాక మా వార్డులో, అంటే మా స్థానిక సంఘంలో, ఒక పెద్దావిడ చెయ్యి పట్టుకుని ‘మరి పిల్లలో?’ అన్నారు. మావారు ఎంబీఏ చేసినన్నాళ్లూ ఆయన్ని ఎవరూ ఆ మాట అడగలేదు. దేవుడిచ్చిన బాధ్యత వదిలేసి నా గొప్ప కోసం వెళ్తున్నానా అని రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు.
– ఒక సోదరి

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో అన్నిటికన్నా బరువైంది ఆ ఆఖరి మాట. ముందు దాని సంగతి చూద్దాం. చదువుకోవాలనిపించడం పాపం కాదు. చదువు ద్వారా, విశ్వాసం ద్వారా జ్ఞానాన్ని వెదకమని మీ పవిత్ర గ్రంథం ‘సిద్ధాంతము మరియు నిబంధనలు’ 88వ ప్రకరణమే చెబుతోంది. ఈ జన్మలో సంపాదించిన జ్ఞానం పునరుత్థానంలో మనతోపాటే లేస్తుందని 130వ ప్రకరణంలో ఉంది. ఇది మగవాళ్లకే అని ఎక్కడా లేదు.

మీ సంఘం చరిత్రలో ఎలిస్ షిప్ అనే ఆవిడ ఉన్నారు. ఆడవాళ్లు వైద్యం చదవాలని అప్పటి సంఘ అధ్యక్షుడు బ్రిగమ్ యంగ్ చెబుతున్న కాలం అది. 1875లో ముగ్గురు కొడుకుల్ని ఇంట్లో వదిలి ఆవిడ ఫిలడెల్ఫియా వెళ్లారు. చదువు మధ్యలోనే ఇంకో బిడ్డను కన్నారు. 1878లో డాక్టరై తిరిగొచ్చి, మరుసటి ఏడాదే సాల్ట్ లేక్‌లో మంత్రసానులకూ నర్సులకూ శిక్షణ మొదలుపెట్టారు. అయితే ఆవిడ లేనప్పుడు పిల్లల్ని చూసుకున్నది సవతులు. అప్పట్లో మీ సంఘంలో బహుభార్యాత్వం ఉండేది. ఈ సంగతి ఎందుకు చెబుతున్నానంటే, అంత పట్టుదల ఉన్న మనిషికి కూడా ఇంట్లో ఆసరా కావాల్సి వచ్చింది. మీకు ఆ ఆసరా ఎవరు? ఈ ప్రశ్నకు జవాబు దొరకనంత కాలం మీ టెన్షన్ తగ్గదు. మీ విశ్వాసంలో లోపం ఉందని మాత్రం నాకు అనిపించడం లేదు.

ఆ పెద్దావిడ మీద కోపం పెట్టుకోకండి. 1987లో అప్పటి సంఘ అధ్యక్షుడు ఎజ్రా టాఫ్ట్ బెన్సన్ తల్లులు ఇంటిపట్టునే ఉండాలని గట్టిగా చెప్పారు. ఆ మాట మీద చదువులూ ఉద్యోగాలూ మానుకున్నవాళ్లు మీ వార్డులో ఉండే ఉంటారు. మిమ్మల్ని చూస్తే తాము వదులుకున్నది వాళ్లకు గుర్తొస్తుంది. వాదనకు దిగకుండా ‘పిల్లల్ని ఇద్దరం చూసుకుంటాం సిస్టర్’ అనండి, చాలు. 2022లో మీ సంఘం మహిళా విభాగం రిలీఫ్ సొసైటీకి అధ్యక్షురాలైన కామిల్ జాన్సన్ ముగ్గురు కొడుకుల్ని పెంచుతూనే దాదాపు 30 ఏళ్లు లాయరుగా పనిచేశారు. ఆ సంగతి ఆ పెద్దావిడకూ తెలిసే ఉంటుంది.

ఇక ‘ఇద్దరం చూసుకుంటాం’ అన్న మాట నిజం కావాలి కదా. ‘నీ ఇష్టం’ అనడం ఒప్పుకోవడం కాదు. రేపు ఏదైనా తేడా వస్తే ‘నువ్వే కదా కోరుకున్నావు’ అనడానికి అందులో వీలుంది. మీవారు చెడ్డవారని కాదు, బహుశా భయపడుతున్నారు, చెప్పలేకపోతున్నారు. ఒక శనివారం పిల్లలు పడుకున్నాక కూర్చోండి. ‘నేను చదవనా వద్దా’ అని మళ్లీ అడగొద్దు. ఓరెం నుంచి ఫ్రంట్‌రన్నర్ రైలు, దిగాక ట్రాక్స్ సిటీ రైలు, పోనూ రానూ దాదాపు మూడు గంటలు. ఆ రోజుల్లో పెద్దాణ్ణి స్కూలు నుంచి ఎవరు తెస్తారు? చిన్నదానికి జ్వరమొచ్చిన రోజే నాకు పరీక్ష ఉంటే సెలవు ఎవరు పెడతారు? వంట ఏ రోజు ఎవరిది? ఒక్కొక్కటీ కాగితం మీద రాసి, ఎదురుగా పేరు రాయండి. అన్నిటి పక్కనా మీ పేరే పడితే అసలు సమస్య ఎక్కడుందో ఇద్దరికీ కనబడుతుంది. మీ సంఘం 1995లో ఇచ్చిన కుటుంబ ప్రకటనలో పిల్లల పోషణ ప్రధానంగా తల్లిదన్న వాక్యాన్నే అందరూ ఎత్తి చూపిస్తారు. దాని వెంటనే, సమాన భాగస్వాములుగా ఒకరికొకరు సాయం చేసుకోవడం ఇద్దరి బాధ్యత అని కూడా ఉంది. ఆ పేరా మొత్తం కలిసి చదవండి.

డబ్బు విషయంలో అత్తయ్యగారి భయాన్ని కొట్టిపారేయకండి. ఫండింగ్ ఉన్న పీహెచ్‌డీలో సాధారణంగా ఫీజు ఉండదు, పైగా స్టైపెండ్ ఇస్తారు. కానీ ఆ స్టైపెండ్ మామూలుగా అసిస్టెంట్‌షిప్ పనికి ఇచ్చే జీతం. హెచ్4 మీద చదువుకోవచ్చు గానీ, వర్క్ పర్మిట్ లేకుండా ఆ పని చేయకూడదు. మీవారి గ్రీన్‌కార్డు దరఖాస్తులో ఐ-140 అనే పిటిషన్ ఆమోదం అయ్యుంటే మీరు ఆ పర్మిట్‌కు అప్లై చేసుకోవచ్చు. లేదంటే ఎఫ్1 విద్యార్థి వీసాకి మారాలి, దానికి నెలలు పట్టొచ్చు. యూనివర్సిటీలో విదేశీ విద్యార్థుల ఆఫీసుకు ఈ వారమే మెయిల్ పెట్టండి. ఇది తేలితే మీవారి మౌనం కూడా సగం తగ్గుతుందని నా నమ్మకం.

మూడో బిడ్డ మాట అత్తయ్యగారితో మీరు మాట్లాడొద్దు, ఆవిడ కొడుకే మాట్లాడాలి. ఎంతమంది పిల్లలు, ఎప్పుడు అన్నది ఆ దంపతులకూ దేవుడికీ మధ్య ఉండాల్సిన విషయమని మీ సంఘం హ్యాండ్‌బుక్‌లోనే ఉంది. ‘అమ్మా, ఇది మా ఇద్దరి విషయం’ అని ఆయన ఒక్కసారి నెమ్మదిగా చెబితే చాలు. వార్డులో మీకు ఏదైనా కాలింగ్, అంటే సంఘం అప్పగించిన సేవ, ఉంటే మొదటి ఏడాది తేలికైన బాధ్యత ఇవ్వమని వార్డు పెద్ద అయిన బిషప్‌ను అడగండి. అలా అడగడం తప్పు కాదు. చదువు విషయంలో మాత్రం ఆయన అనుమతి కోసం వెళ్లకండి.

ఈ మాటలన్నీ అయ్యాక కూడా నిద్ర పట్టకపోతే డాక్టరుకు చూపించుకోండి, ప్రార్థనతో సరిపెట్టుకోవద్దు. ఆఫర్ లెటర్‌లో గడువు తేదీ చూడండి. ఫండింగ్ ఆఫర్లకు చాలాచోట్ల అది ఏప్రిల్ 15. వీసా తేలడానికి టైమ్ సరిపోదనిపిస్తే, సీటు వదులుకునే ముందు వచ్చే ఏడాదికి వాయిదా ఇస్తారేమో డిపార్ట్‌మెంట్‌ను అడగండి.