చిమ్నీ పక్కన కారే కప్పు: అమ్మలుకి ఉత్తరం

చిరంజీవి అమ్మలుకి పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫోటోలు మూడుసార్లు చూశాను. ఫైర్‌ప్లేస్ పైన గోడా సీలింగూ కలిసేచోట ఆ గోధుమరంగు మరక, దాని అంచున ఉబ్బిన రంగు, పైన చిమ్నీ అడుగున పెచ్చులు లేచిన తారు. నీకంటే ముందు ఆ ఇంట్లో ఉన్నవాళ్లెవరో డబ్బా తారు తెచ్చి పూసి వెళ్లారు. నన్ను కూడా ఇంకో డబ్బా పూస్తే సరిపోతుందా అని అడిగావు. సరిపోదు తల్లీ. ఎందుకు సరిపోదో, మరి ఏం చెయ్యాలో రాస్తాను. పని మొదలుపెట్టే ముందు ఇంకోసారి చదువుకో.

ముందు నీళ్లు ఎక్కడ దూరుతున్నాయో తేల్చాలి. మరక ఉన్నచోటే చిల్లు ఉంటుందనుకోకు. నీళ్లు పైనెక్కడో దూరి, వాసం వెంట జారి, ఏ మేకు దగ్గరో బొట్టుగా రాలతాయి. అటక ఎక్కి టార్చి వేసి చూడు. చెక్క మీద నల్లటి చారలుంటాయి. వాటిని పట్టుకుని పైకి పైకి వెతుక్కుంటూ పోతే మొదలు దొరుకుతుంది. ఇంకో సంగతి. వాన లేకపోయినా, చలిరోజుల్లో నిప్పు బాగా రాజేసినప్పుడు మరక తడిసి పొగ వాసన వేస్తోందంటే అది వాననీరు కాకపోవచ్చు. పొగలోని ఆవిరి చల్లటి పొగగొట్టం లోపల నీరుగా మారి, ఇటుకల్లోంచి బయటికి ఊరుతుంది. అలాంటప్పుడు కప్పు మీద ఎంత చాకిరీ చేసినా దండగే. గొట్టం లోపలి లైనర్‌ని, అంటే లోపలి గోడకి వేసిన పొరని, తెలిసినవాళ్లకి చూపించాలి.

వాననీరే అనిపిస్తే ఎండగా ఉన్న రోజు చూసి తోట పైపుతో పరీక్ష చెయ్యి. అల్లుడుగారిని టార్చితో అటకలో కూర్చోమను. నువ్వు కింద నుంచి మొదలుపెట్టు. ముందు చిమ్నీకి దిగువన ఉన్న కప్పు మీద పది పదిహేను నిమిషాలు నీళ్లు వదులు. తర్వాత చిమ్నీ ముందు అంచు, తర్వాత పక్కలు, తర్వాత వెనక, ఆ పైన ఇటుకలు, చివరికి చిమ్నీ తల. పైనుంచి మొదలుపెట్టావంటే నీళ్లు అంతటా పారి ఏదీ తేలదు. పైపుని పైకెత్తి పెంకుల సందుల్లోకి చిమ్మకు. వాన పడినట్టే పడాలి.

ఇప్పుడు తారు సంగతి. చిమ్నీ తన పునాది మీద తాను నిలబడి ఉంటుంది. కప్పు చెక్క మీద నిలబడి ఉంటుంది. చెక్క తడికి ఉబ్బుతుంది, ఎండకి కుంచించుకుపోతుంది, ఇటుక దాంతోపాటు కదలదు. అందుకే ఆ రెంటి మధ్య సందు ఏడాది పొడుగునా కాస్త కాస్తగా కదులుతూనే ఉంటుంది. ఇది ఎరిగిన పాతకాలపు పనివాళ్లు ఫ్లాషింగ్‌ని, అంటే ఆ సందులోకి నీరు దిగకుండా కప్పేదాన్ని, రెండు వరసల రేకుతో చేశారు. మొదటిది కప్పుకి కొట్టింది. అది చిమ్నీని ఆనుకుని పైకి లేచి ఉంటుంది. రెండోది చిమ్నీ ఇటుకల మధ్య గాడిలోంచి దిగి, మొదటిదాని మీద చూరులా వేలాడుతుంది. ఒకటి కప్పుతో కదులుతుంది, రెండోది చిమ్నీతో ఉంటుంది. రెండూ ఒకదాన్నొకటి కప్పుకుంటాయే గానీ అతుక్కోవు. తారు పూసినవాడు ఈ రెంటినీ కలిపి అతికించేస్తాడు. సందు కదలగానే తారు చిట్లుతుంది. ఆ చీలికలోంచి లోపలికి వెళ్లిన నీటికి మళ్లీ బయటికి దారి ఉండదు.

నేనూ మొదటి ఇంట్లో తారే పూశాను. రెండు వానాకాలాలు చుక్క కారలేదు. మూడో ఏడు చిమ్నీ వెనక చెక్కని వేలితో నొక్కితే వేలు లోపలికి దిగింది. రెండేళ్లూ నేను బాగుచేశాననుకుని నిద్రపోతుంటే, తారు కింద నిలిచిన నీరు చెక్కని తింటూ వచ్చింది. నీ ఫోటోల్లో ఆ తారు చూసినప్పటి నుంచీ నాకు అదే గుర్తొస్తోంది. అందుకే ఇంత పట్టుబట్టి చెప్తున్నాను.

నీరు పల్లమెరుగు. పైరేకు ఎప్పుడూ కిందిరేకు మీదికి రావాలి. ఈ పనంతటికీ మూలం అదే. ఎక్కడైనా అనుమానం వస్తే, నిన్ను నువ్వు ఒక చుక్క అనుకుని పైనుంచి కిందికి జారి చూడు. ఏ అతుకు దగ్గరైనా ఎదురుగా అంచు తగిలి లోపలికి వెళ్లగలిగితే అది తప్పుగా వేసినట్టే.

రేకు ఏది కొనాలన్నావు. సీసం చేత్తోనే ఒంగుతుంది, ఏ మూలకైనా కొట్టి సర్దవచ్చు. ఫ్లాషింగ్‌కి సాధారణంగా 1.8 మిల్లీమీటర్ల మందం వాడతారు. ముక్క మీటరున్నర దాటితే ఎండకి సాగీ ముడుచుకునీ చిట్లుతుంది. అది విషం కూడాను, చేతికి గ్లవ్స్ లేకుండా ముట్టుకోకు, పని అయ్యాక చేతులు కడగందే ఏమీ తినకు. రాగి చాలాకాలం ఉంటుంది. కాకపోతే దానికి మేకులు కూడా రాగివే కావాలి, ఇనుపవి పెడితే అవి తినేసుకుపోతాయి. అల్యూమినియం తేలిక, కానీ తడి సిమెంటు దాన్ని కొరికేస్తుంది కాబట్టి పూత లేనిదాన్ని ఇటుకల గాడిలో దూర్చకు. మొదటిసారి చేసేదానివి, నా మాట విని గాల్వనైజ్డ్ రేకు, అంటే జింకు పూత వేసిన ఇనుప రేకు, తీసుకో. ఏది తీసుకున్నా మొత్తం పనంతా ఒకే లోహంతో చెయ్యి.

పని రోజు చల్లగా, పొడిగా ఉన్న ఉదయం ఎంచుకో. ఆస్ఫాల్ట్ షింగిల్స్, అంటే కప్పు మీది తారు పెంకులు, మిట్టమధ్యాహ్నం మెత్తబడి కాలికింద నలుగుతాయి, గడ్డకట్టే చలిలో పుటుక్కున విరుగుతాయి. పల్చటి బార్‌తో మెల్లగా మేకులు లేపి, తీసిన ముక్కలు వరసలో పెట్టుకో. పాత తారూ రేకూ పూర్తిగా తీసెయ్. చెక్కని స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడు, మెత్తగా ఉన్నంతమేరా కోసి కొత్తది వెయ్యి. పుచ్చిన చెక్క మీద మంచి రేకు వేస్తే ఆ మేకు ఎన్నాళ్లు పట్టుకుంటుంది? బాగుచేసిన చెక్క మీద అంటుకునే మెంబ్రేన్, అంటే నీరు దిగనివ్వని పల్చటి పొర, పరిచి, అంచుని చిమ్నీ మీదికి కొంత ఎక్కించు.

మొదట ముందువైపు రేకు. ఇది దిగువన ఉన్న షింగిల్స్ పైన పడుకుంటుంది, రెండు మూలలూ చుట్టి పక్కలకి తిరుగుతుంది. తర్వాత రెండు పక్కలా మెట్లమెట్లుగా మడిచిన ముక్కలు. ఒక్కోటీ కప్పు మీద 10 సెంటీమీటర్లు, చిమ్నీ మీద 10 సెంటీమీటర్లు ఉండాలి. షింగిల్స్ ఒక వరస, ఒక ముక్క, దాని మీద ఇంకో వరస, మళ్లీ ముక్క. ప్రతి ముక్కా కిందిదాని మీదికి కనీసం 5 సెంటీమీటర్లు రావాలి. మేకు కప్పువైపు, పై మూలలో ఒక్కటే కొట్టు, తర్వాతి ముక్క దాన్ని కప్పేస్తుంది. ఇటుకలోకి మాత్రం ఈ రేకుని మేకు కొట్టకు. కొడితే నేను పైన చెప్పిన కదలికంతా ఆ మేకు మీద పడుతుంది.

వెనకవైపు చాలా జాగ్రత్త. నేను చూసిన లీకుల్లో ఎక్కువ భాగం అక్కడ మొదలైనవే. కప్పు మీది నీళ్లన్నీ వచ్చి ఆ గోడకి కొట్టుకుంటాయి, ఆకులు చేరి కుళ్లుతాయి. ఒకే రేకుని ఎత్తుగా మడిచి, పై అంచుని ఎగువ షింగిల్స్ కిందికి బాగా దూర్చాలి. చిమ్నీ వెడల్పు 75 సెంటీమీటర్లు దాటితే ఉట్టి రేకు చాలదు. వెనక చెక్కతో చిన్న దిబ్బలాంటి కప్పు కట్టి, నీటిని రెండు పాయలుగా చీల్చి పక్కలకి పంపాలి. నీ చిమ్నీ ఫోటోలో వెడల్పుగానే కనబడుతోంది. కొలిచి నాకు చెప్పు.

ఇక పైరేకు. ఇటుకల మధ్య మాలులోనే, ఇటుకని కొయ్యకుండా, 25 మిల్లీమీటర్ల లోతు గాడి తియ్యాలి. గ్రైండర్ ధూళి ఊపిరితిత్తుల్లో చేరితే పోదు. మంచి మాస్కు, కళ్లద్దాలు లేకుండా మిషన్ ఆన్ చెయ్యకు. రేకు అంచుని మడిచి గాడిలో దూర్చి, మడిచిన చిన్న రేకుముక్కలతో బిగించి, సందుని సీలెంట్‌తో, అంటే సందులు పూడ్చే సాగే జిగురుతో, నింపు. సీలెంట్‌కి ఈ మొత్తం పనిలో చోటు ఇదే. ఈ పైరేకు కింది రేకుని కనీసం 5 సెంటీమీటర్లు కప్పాలి.

చిమ్నీ తల కూడా చూడు. పై సిమెంటు దిమ్మె బయటికి వాలుగా ఉండి, ఇటుకల అంచు దాటి 5 సెంటీమీటర్లు ముందుకొస్తే నీళ్లు గోడకి దూరంగా రాలతాయి. సన్నటి పగుళ్లయితే సాగే పూత చాలు. రాలిపోయిన సందుల్ని 20 మిల్లీమీటర్లు గీకి, తడిపి, కొత్త మాలు పెట్టు. ఇటుకలు పాతవీ మెత్తవీ అయితే సున్నం ఎక్కువున్న మాలే వాడు. గట్టి సిమెంటు పెడితే పగిలేది ఇటుకే. ఇటుకల మీద రంగు వెయ్యకు, లోపలి చెమ్మ బయటికి పోనివ్వదు.

అన్నిటికంటే ముఖ్యమైనది చివర రాస్తున్నాను, మర్చిపోకుండా ఉంటావని. ఒంటరిగా ఎక్కకు. నిచ్చెన ఎత్తు నాలుగు వంతులైతే అడుగు ఒక వంతు దూరంలో ఉండాలి, చూరు దాటి దాదాపు మీటరు పైకి రావాలి. కరెంటు తీగలు ఎటున్నాయో ముందే చూసుకో. గట్టి దూలానికి కట్టిన హార్నెస్, అంటే జారితే పట్టి ఆపే ఒంటి పట్టీలు, వేసుకో. వాలు నిటారుగా ఉండి పాదం నిలవడం లేదనిపిస్తే దిగిపో, పనివాళ్లని పిలు. పాత ఆస్బెస్టాస్ రేకులు కనబడితే అసలు ముట్టుకోకు. ముందురోజు నుంచే నిప్పు వెయ్యొద్దు. అయ్యాక పొగగొట్టంలో మాలూ ఇటుకముక్కలూ పడలేదని చూసుకో. దారి మూసుకుంటే కార్బన్ మోనాక్సైడ్ ఇంట్లోకే తిరిగొస్తుంది, ప్రాణం తీసే ఆ వాయువుకి వాసన కూడా ఉండదు. దాన్ని పసిగట్టే అలారం పెట్టించుకో.

పని పూర్తయ్యాక పైపు పరీక్ష మళ్లీ చెయ్యి, అదే వరసలో. మొదటి గట్టి వాన పడ్డ రాత్రి అటక ఎక్కి చిమ్నీ వెనక చెక్క మీద అరచెయ్యి ఆనించి చూడు. పొడిగా ఉంటే, ఎంత రాత్రయినా సరే, నాకు ఫోన్ చెయ్యి.

నీ పెదనాన్న