షేరు పడిపోయిందని అమ్మాయి దారి మార్చాలా?

ప్రశ్న: మా అమ్మాయి ఈసీఈ మూడో సంవత్సరం. వైర్‌లెస్ కమ్యూనికేషన్స్ అంటే ఇష్టం. నేను 2024 ఏప్రిల్‌లో వొడాఫోన్ ఐడియా పబ్లిక్ ఇష్యూలో షేర్లు కొన్నాను. 4జీ విస్తరణ, 5జీ అంటూ ఊరించారు. పనులు నత్తనడకన సాగాయి, 11 రూపాయల షేరు 7 దాకా జారింది. ఈ రంగానికి భవిష్యత్తు లేదనిపిస్తోంది. అమ్మాయిని ఏఐ కోర్సులో చేర్చి సాఫ్ట్‌వేర్ వైపు మళ్లించాలనుకుంటున్నాను. రెండింటినీ పోల్చి చెప్పండి. – ఒక తండ్రి, ఒంగోలు

జవాబు: పోల్చి చెబుతాను కానీ, ముందు ఒక మాట. మీ ఉత్తరంలో అమ్మాయి కంటే షేరు గురించే ఎక్కువ ఉంది. స్థలాల ధరలు పడిపోయిన ఏడాది సివిల్ వద్దంటారు, ఐటీ సంస్థలు నియామకాలు తగ్గించిన ఏడాది సీఎస్‌ఈ వద్దంటారు. ఇలాంటి ఉత్తరాలు నాకు ఏటా వస్తాయి. పోయిన డబ్బు మీదున్న బాధను పిల్లల చదువు మీద చూపించడం న్యాయం కాదండీ.

మీ కోపంలో అర్థం లేకపోలేదు. జియో, ఎయిర్‌టెల్ 2022 అక్టోబరులోనే 5జీ మొదలుపెడితే, మీ వొడాఫోన్ ఐడియా ముంబైలో ప్రారంభించేసరికి 2025 మార్చి వచ్చింది. అయితే జాప్యం ఎక్కడ పుట్టిందో చూడండి. ఏజీఆర్ బకాయిలపై, అంటే ఆదాయంలో ప్రభుత్వానికి కట్టాల్సిన వాటా బాకీలపై, 2019 అక్టోబరులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక సంస్థ నెత్తిన వేల కోట్ల భారం పడింది, కొత్త అప్పు పుట్టడం కష్టమైంది. ఇష్యూలో వచ్చిన 18,000 కోట్లతో ఊపిరి పీల్చుకుని, 2024 సెప్టెంబరులో నోకియా, ఎరిక్‌సన్, శామ్‌సంగ్‌లకు మూడేళ్లకు దాదాపు 30,000 కోట్ల పరికరాల ఆర్డరు ఇచ్చింది. 2025 ఏప్రిల్‌లో ప్రభుత్వం 36,950 కోట్ల బకాయిలను వాటాగా మార్చుకుని దాదాపు 49 శాతానికి చేరింది. అన్ని కొత్త షేర్లు పుట్టుకొస్తే మీ వాటా పలచబడక ఏమవుతుంది? ఇదంతా అప్పుల గొడవ. మీ అమ్మాయి చదువుతున్న విద్యకు దీనితో సంబంధం లేదు.

మదుపరికి చిరాకు పుట్టించే ఆ నిదానంలో ఇంజనీరుకు పని ఉంటుంది. ఒక్క టవరును కొత్త తరానికి మార్చాలంటే పాత యాంటెన్నా దించాలి, కొత్తది ఎక్కించాలి, బ్యాటరీలు పెంచాలి, మైక్రోవేవ్ లింకు చాలకపోతే ఫైబరు లాగాలి, మేడ యజమానిని మళ్లీ ఒప్పించాలి. ఆ తర్వాత ఒక ఇంజనీరు కారులో ఫోన్లు, ల్యాప్‌టాప్ పెట్టుకుని వీధి వీధీ తిరిగి సిగ్నల్ కొలుస్తాడు. సిగ్నల్ బలాన్ని డీబీఎంలలో కొలుస్తారు, మైనస్ అంకె పెరిగేకొద్దీ సిగ్నల్ బలహీనం. రోడ్డు మీద మైనస్ 85 డీబీఎం ఉన్నది అపార్టుమెంటు వెనక్కి వెళ్లగానే మైనస్ 115కు పడిపోతే, యాంటెన్నా వంపు రెండు డిగ్రీలు సరిచేసి మళ్లీ తిరగాలి. ఇవన్నీ మంచి ఉద్యోగాలని చెప్పను. కాంట్రాక్టర్ల దగ్గర ఇలాంటి క్షేత్రస్థాయి కొలువుల్లో జీతం తక్కువ, రాత్రి పని ఎక్కువ. మీ అమ్మాయి గురి ఫోను లోపలి మోడెమ్ చిప్పులు, టవరును నడిపించే బేస్ స్టేషన్ సాఫ్ట్‌వేర్, ఫోనూ టవరూ మాట్లాడుకునే నియమాల (ప్రొటోకాల్) పరీక్షల మీద ఉండాలి. ఆ పనులు హైదరాబాద్, బెంగళూరుల్లో ఉన్నాయి.

ఇక ఏఐ కోర్సు సంగతి. మూడు నెలల్లో ఏఐ నిపుణులను చేస్తామనే ప్రకటనలంటే నాకు ఏమాత్రం గురి లేదు. ఆ కోర్సులు చేసి వచ్చిన పిల్లల రెజ్యూమేలు చూస్తుంటాను. ఇళ్ల ధరల అంచనా, చేతిరాత అంకెల గుర్తింపు, అందరివీ అవే ప్రాజెక్టులు. ఆ మోడల్ ఎందుకు తప్పుతోందని అడిగితే మౌనమే సమాధానం. ఎందుకంటే అడుగున ఉండాల్సిన సంభావ్యత, మాత్రికలు వాళ్లకు ఎవరూ నేర్పలేదు. మీ అమ్మాయి వాటిని సిగ్నల్స్, రాండమ్ ప్రాసెసెస్ పాఠాల్లో ఇప్పటికే చదువుతోంది! మొబైల్ ప్రమాణాలు రాసే 3జీపీపీ కూడా 18వ రిలీజ్‌లో రేడియో లింకుకు ఏఐ వాడకాన్ని అధ్యయనాంశంగా తీసుకుంది. చేతిలో ఉన్నదాన్ని వదిలించి, అందులోని చిన్న ముక్కను డబ్బిచ్చి కొంటానంటున్నారు మీరు.

మీరడిగిన పోలిక ఇదీ. సాఫ్ట్‌వేర్‌లో ఖాళీలు ఎక్కువ, పోటీ అంతకంటే ఎక్కువ. టెలికాంలో ఖాళీలు తక్కువ, పునాది గట్టిగా ఉన్నవాళ్లూ తక్కువే. సీ ప్రోగ్రామింగ్ భాష, లైనక్స్, నెట్‌వర్కింగ్ బాగా వస్తే ఇటు నుంచి అటు వెళ్లడం పెద్ద కష్టం కాదు. కాబట్టి ఇప్పుడు ఎంచుకున్నది ఆమెను జీవితాంతం కట్టిపడేస్తుందని భయపడకండి. ఇష్టపడి చదివే పిల్ల మీకుంది, ధైర్యంగా ఉండండి.

షేర్లు ఉంచుకోవాలో అమ్మాలో సెబీ నమోదు ఉన్న సలహాదారును అడగండి. అమ్మాయి చదువు విషయం అమ్మాయినే అడగండి. కోర్సుకు కట్టాలనుకున్న ఫీజుతో 16 జీబీ మెమరీ ఉన్న ల్యాప్‌టాప్ కొనివ్వండి. ఓపెన్‌ఎయిర్‌ఇంటర్‌ఫేస్ అనే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌లో 5జీ నెట్‌వర్కును రేడియో పరికరం లేకుండానే సిమ్యులేటర్‌లో నడిపి చూడవచ్చు. ఫోను నెట్‌వర్కుకు ఎలా అనుసంధానమవుతుందో నెట్‌వర్కులో వెళ్లే సందేశాలను విప్పి చూపే వైర్‌షార్క్ సాఫ్ట్‌వేర్‌లో ఒక్కో సందేశం చదువుతూ ఈ సెలవుల్లో నేర్చుకోమనండి. చివరి సంవత్సరం ప్రాజెక్టును దాని మీదే చేయవచ్చు.