అలైన్‌మెంట్ షీటులో అన్నీ ఓకే, అయినా బ్రేకు వేస్తే బండి పక్కకు పోతోందా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: హ్యాచ్‌బ్యాక్‌కు కంపెనీ ఇచ్చిన 15 అంగుళాల చక్రాలు తీసేసి 16 అంగుళాల అల్లాయ్‌లు వేయించారు. పాతవి ఈటీ 45, కొత్తవి ఈటీ 30 (ఈటీ అంటే ఆఫ్‌సెట్, హబ్‌కు బిగించే ముఖం చక్రం మధ్య గీతకు ఎన్ని మిల్లీమీటర్లు బయట ఉందో ఆ కొలత). అప్పటినుంచి గతుకుల్లో స్టీరింగ్ చేతిలో కొట్టుకుంటోంది, గట్టిగా బ్రేకు వేస్తే బండి ఒక పక్కకు పోతోంది. రెండు చోట్ల అలైన్‌మెంట్ చేయిస్తే రెండు చోట్లా అంతా ఓకే అన్నారు. స్క్రబ్ రేడియస్ అని ఎవరో చెప్పారు, అదేమిటి, అలైన్‌మెంట్‌తో సరి చేసుకోవచ్చా అని మీ ప్రశ్న.

సరి చేయలేరు. వాళ్లు మీకు అబద్ధం కూడా చెప్పలేదు. ఆ మిషన్ మీద సరిచేసేది టో (పైనుంచి చూస్తే చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండటం), వీలున్న బండ్లలో క్యాంబర్ (ముందునుంచి చూస్తే చక్రం పక్కకు వాలి ఉండటం). మీ బండిలో మారింది ఆ రెండూ కాదు. విజయవాడ ఆటోనగర్‌లో చాలా ఏళ్లుగా నాది సస్పెన్షన్, అలైన్‌మెంట్ పనే. అల్లాయ్‌లు మార్చిన బండ్లలో ఈ కంప్లైంట్ తరచూ వస్తుంది కాబట్టి కొంచెం వివరంగానే రాస్తాను.

స్టీరింగ్ తిప్పితే ముందు చక్రం ఏదో ఒక గీత చుట్టూ తిరగాలి కదా, ఆ గీతే స్టీరింగ్ యాక్సిస్. మనం నడిపే చిన్న కార్లలో ముందు వైపు దాదాపు అన్నీ మెక్‌ఫర్సన్ స్ట్రట్లే, అంటే స్ప్రింగూ షాక్ అబ్జార్బరూ ఒకటిగా ఉన్న నిలువు కాలు. బానెట్ ఎత్తితే రెండు పక్కలా గుండ్రంగా స్ట్రట్ మౌంట్లు కనిపిస్తాయి, వాటి కింద బేరింగ్ ఉంటుంది. అడుగున లోయర్ ఆర్మ్ చివర బాల్ జాయింట్ ఉంటుంది. ఆ బేరింగ్ నుంచి ఈ బాల్ జాయింట్‌కు దారం బిగించి కట్టినట్టు ఊహించుకోండి, యాక్సిస్ అదే. చాలామంది షాక్ అబ్జార్బర్ రాడ్డు ఎటు వాలితే అదే యాక్సిస్ అనుకుంటారు. కాదు, బాల్ జాయింట్ సాధారణంగా రాడ్డు గీతకు బయట పక్కగా, చక్రం లోపలికి వెళ్లి ఉంటుంది.

బండి ముందు నిలబడి చూస్తే ఈ దారం నిలువుగా ఉండదు, పై కొస ఇంజన్ వైపు వాలి ఉంటుంది. ఆ వాలే స్టీరింగ్ యాక్సిస్ ఇన్‌క్లినేషన్, షీటులో ఎస్‌ఏఐ అని ఉంటుంది. పాత మేస్త్రీలు కింగ్‌పిన్ యాంగిల్ అంటారు. స్ట్రట్ బండ్లలో మామూలుగా 11 నుంచి 15 డిగ్రీల మధ్య ఉంటుంది. పక్కనుంచి చూస్తే కనిపించే వాలు వేరు, అది క్యాస్టర్.

ఇనప గేటు బందులు కాస్త వాలుగా బిగిస్తే తెరిచిన గేటు దానంతటదే మూసుకుంటుంది, చూసే ఉంటారు. ఎస్‌ఏఐ చేసే పని కూడా అదే. స్టీరింగ్ తిప్పినప్పుడు బండి ముందు భాగం కొన్ని మిల్లీమీటర్లు పైకి లేస్తుంది, వదలగానే ఆ బరువే చక్రాలను మళ్లీ తిన్నగా తెస్తుంది. మెల్లగా పార్కింగ్‌లో తిప్పినప్పుడు కూడా స్టీరింగ్ వెనక్కి రావడానికి ముఖ్య కారణం ఇదే.

ఇక మీ అసలు సంగతికి వద్దాం. ఆ దారాన్ని బాల్ జాయింట్ దగ్గర ఆపకుండా అదే వాలులో నేల దాకా పొడిగించండి, నేలను ఒక చోట తాకుతుంది. టైరు నేలను తాకే భాగానికి మధ్య బిందువు ఇంకొకటి. ముందునుంచి చూసినప్పుడు ఈ రెండు బిందువుల మధ్య అడ్డంగా ఉన్న దూరమే స్క్రబ్ రేడియస్. దారం టైరు మధ్యకంటే లోపల నేలను తాకితే పాజిటివ్, బయట తాకితే నెగటివ్.

మీ లెక్క చూద్దాం. ఆఫ్‌సెట్ 45 నుంచి 30కి తగ్గింది కాబట్టి చక్రం మధ్య గీత 15 మిల్లీమీటర్లు బయటికి జరిగింది. మీరు టైరు సైజు రాయలేదు. 185/65 ఆర్15 నుంచి 205/55 ఆర్16కి వెళ్లారనుకుందాం. టైరు వ్యాసం సుమారు 621 నుంచి 632కి, అంటే బండి ఎత్తు 5 మిల్లీమీటర్ల చిల్లర పెరుగుతుంది. ఎస్‌ఏఐ 13 డిగ్రీలైతే ఆ ఎత్తువల్ల దారం నేలను తాకే చోటు ఒక మిల్లీమీటరుకు కాస్త ఎక్కువగా బయటికి వస్తుంది. మొత్తానికి స్క్రబ్ రేడియస్ దాదాపు 14 మిల్లీమీటర్లు పాజిటివ్ వైపు జరిగింది. కంపెనీ మైనస్ 8 పెట్టిందనుకుంటే మీది ఇప్పుడు ప్లస్ 6. చక్రం కాస్త బయటికి వచ్చి చూడ్డానికి బావుంది అనుకునేలోపు గుర్తే తిరగబడింది.

ఈ గుర్తు ఎందుకంత ముఖ్యమో చెప్తాను, నాకు ఈ విషయంలో పట్టింపు ఎక్కువ. కోతల రోజుల్లో మన రోడ్ల మీద వడ్లు ఆరబోస్తారు. ఎడమ చక్రాలు గింజల మీద, కుడి చక్రాలు తారు మీద ఉండగా బ్రేకు వేశారనుకోండి. పట్టంతా కుడి చక్రానిదే, కాబట్టి బండి ముక్కు కుడికి తిరగాలని చూస్తుంది. స్క్రబ్ పాజిటివ్ అయితే అదే బ్రేకు బలం కుడి చక్రాన్ని కూడా కుడికే తిప్పుతుంది. ఎదురొచ్చే బండ్ల వైపుకన్నమాట. నెగటివ్ అయితే అదే బలం చక్రాన్ని ఎడమకు తిప్పి, మీ చేయి కదలకముందే బండిని సరిదిద్దే పని మొదలుపెడుతుంది. ఒక చక్రం మీద బ్రేకు బలం 3000 న్యూటన్లుంటే 10 మిల్లీమీటర్ల స్క్రబ్‌కు 30 న్యూటన్ మీటర్ల మెలిక పడుతుంది. రెండు పక్కలా సమానంగా ఉన్నంతసేపు రెండు చక్రాలనూ కలిపే స్టీరింగ్ ర్యాకులో ఈ మెలికలు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. పట్టులో తేడా వచ్చిన క్షణమే ఆ మెలిక స్టీరింగ్‌లోకి వస్తుంది. మీకు గతుకుల్లో చేతికి తగిలేది కూడా ఇదే, టైరు వెడల్పు పెరిగి ఉంటే అదీ దానికి తోడవుతుంది.

1972లో వచ్చిన ఆడి 80లో ఈ నెగటివ్ స్క్రబ్ కావాలనే పెట్టారు. దాని బ్రేకులు ఐమూలగా రెండు సర్క్యూట్లు, అంటే ఒకటి పోతే ముందు ఒక చక్రం, వెనక అవతలి చక్రం మాత్రమే పట్టుకుంటాయి. అప్పుడూ బండి తిన్నగా ఆగాలని ఆ ఏర్పాటు. ముందు చక్రాలు నడిపే చిన్న కార్లలో ఐమూల బ్రేకులు ఇప్పుడు మామూలే.

అలాగని సున్నా పెట్టేస్తే మేలని కాదు. సున్నా దగ్గర టైరు ఉన్నచోటే మెలితిరుగుతుంది, స్టీరింగ్ తడబడినట్టుంటుంది. యాక్సిలరేటర్ తొక్కితే లాగడం ఇంకో లెక్క, దానికి చూడాల్సింది నేల దగ్గర దూరం కాదు, చక్రం నడిమధ్య ఎత్తులో యాక్సిస్‌కు ఉన్న దూరం. 2009 ఫోర్డ్ ఫోకస్ ఆర్‌ఎస్‌లో నకిల్‌ను (హబ్‌ను పట్టుకుని స్టీరింగ్‌తో పాటు తిరిగే ముక్కను) రెండు ముక్కలు చేసింది ఆ దూరం తగ్గించడానికే.

ఎస్‌ఏఐ మాత్రం మీ షీటులో దొరకాలి. దొరకలేదంటే ముందు చక్రాలను టర్న్ ప్లేట్ల (చక్రంతో పాటు తిరిగే పలకల) మీద పెట్టి, వాటి పిన్నులు తీసి, బ్రేకు పెడల్‌ను సీటుకు ఆనించిన రాడ్డుతో నొక్కిపెట్టి, స్టీరింగ్ అటూ ఇటూ తిప్పి కొలిచే పని వాళ్లు చేయలేదన్నమాట. ఐదు నిమిషాల పనే, అడిగి చేయించుకోండి. దాన్ని మనం మార్చలేం, కానీ ఏది వంగిందో అది చెప్తుంది. డివైడర్‌ను తగిలిన ఒక బండి నా దగ్గరకు వచ్చింది, అంతకుముందు వేరే చోట టో మాత్రం సరిచేసి పంపారు. కుడి పక్క ఎస్‌ఏఐ 13, క్యాంబర్ మైనస్ 0.3. ఎడమ పక్క 11.4, ప్లస్ 1.2. రెండూ కూడి చూడండి, 12.7, 12.6. కూడిక సరిపోయిందంటే స్ట్రట్, నకిల్ బాగానే ఉన్నాయి, బాల్ జాయింటో స్ట్రట్ టవరో చోటు తప్పింది. ఎడమ లోయర్ ఆర్మ్ విప్పి కుడి ఆర్మ్ పక్కన నేలమీద పెడితే వంపు కంటికే కనిపించింది. కూడికలోనే తేడా ఉండుంటే నకిల్‌నో స్ట్రట్‌నో అనుమానించేవాణ్ణి. రెండు పక్కల ఎస్‌ఏఐకి డిగ్రీ కంటే ఎక్కువ తేడా కనిపిస్తే నేనైతే టో ముట్టుకోను.

మీ పాత చక్రాలు అమ్మేయకపోతే వాటిని తిరిగి బిగించి, ఖాళీగా ఉన్న అదే రోడ్డు మీద అదే వేగంలో బ్రేకు వేసి చూడండి. లాగుడు పోతే కొత్త అల్లాయ్‌లు మార్చి ఈటీ 40 నుంచి 45 లోపు ఉన్నవి తీసుకోండి. స్పేసర్ వేస్తే చక్రం ఇంకా బయటికి వస్తుంది, దాని జోలికి వెళ్లొద్దు. పాత చక్రాలతోనూ ఒకే పక్కకు పోతుంటే తప్పు అల్లాయ్‌లది కాదు. అప్పుడు క్యాలిపర్ స్లైడ్ పిన్నులు పట్టేశాయేమో, బ్రేకు హోస్ లోపల మూసుకుందేమో, లోయర్ ఆర్మ్ వెనక బుష్ చిరిగిందేమో ఆ వరసలో చూపించండి.