డబ్బు కట్టే ముందు ఒక మ్యాచ్ పూర్తిగా చూడు

అమ్మలూ,

నువ్వు పంపిన పట్టిక చూశాను. మూడు స్ట్రీమింగ్ సర్వీసుల పేర్లు, పక్కన ఎన్ని ఛానెళ్లు, ఎన్ని సినిమాలు, ఎంత తగ్గింపు అని గళ్లు గీసి, కింద "మామయ్యా, నాన్నకి ఏది తీసుకోమంటావు?" అని ఒక్క ముక్కలో అడిగావు. ఒక్క ముక్కలో చెప్పగలిగితే చెప్పేవాణ్ణే. కానీ అన్ని గళ్లలోనూ ఆట చూడ్డానికి పనికొచ్చేది ఒక్కటీ కనబడలేదు నాకు. సినిమా ఇవాళ ఆగిపోతే రేపు చూసుకుంటాం. ఆఖరి ఓవర్ నాలుగో బంతి దగ్గర ఆ గుండ్రటి చక్రం తిరగడం మొదలుపెట్టిందంటే, అది ఆగేసరికి కప్పు ఎవరిదో తేలిపోయి ఉంటుంది. సినిమాలు చూసే కళ్లతో ఆట సర్వీసును కొలవకు. నేను చెప్పేదంతా దీని చుట్టూనే.

నా సంగతి తెలుసుగా, ఉద్యోగమంతా ఓబీ వ్యాన్‌లో, అంటే మైదానం పక్కన నిలిపే ప్రసార బండిలో, రీప్లే మెషీన్ ముందే గడిచింది. బంతిని ఫ్రేము ఫ్రేముగా వెనక్కి తిప్పడమే నా పని. అందుకని బొమ్మ దగ్గరికి వచ్చేసరికి కాస్త చాదస్తం ఎక్కువవుతుంది, భరించు.

ముందు మీ నాన్న పక్కన కూర్చుని, పోయిన ఏడాదిలో ఆయన నిజంగా చూసినవేమిటో రాయి. "క్రికెట్, టెన్నిస్, ఫుట్‌బాల్" అని రాస్తే లాభం లేదు. ఏ టోర్నమెంటు, ఏ లీగు అని రాయాలి. ప్రసార హక్కులు అమ్మేది ఆటను బట్టి కాదు, టోర్నమెంటును బట్టి. అదీ ఒక్కో దేశంలో ఒక్కొక్కరికి, కొన్నేళ్ల గడువుతో. టెన్నిస్ గ్రాండ్‌స్లామ్‌లు నాలుగు, వాటిని నడిపేవాళ్లు నలుగురు. నాలుగూ ఒకే యాప్‌లో దొరకాలని ఎక్కడా లేదు. పైగా టీవీ హక్కులు వేరు, ఇంటర్నెట్ హక్కులు వేరు. 2023 నుంచి 2027 వరకు ఐపీఎల్ హక్కులను 2022లో వేలం వేసినప్పుడు ఇండియాలో టీవీ ఒకరికి, డిజిటల్ ఇంకొకరికి వెళ్లాయి. తర్వాత ఆ రెండు వ్యాపారాలూ కలిసిపోయాయనుకో, అది వేరే కథ. "టీవీలో ఆ ఛానెల్లో వస్తోంది కాబట్టి వాళ్ల యాప్‌లోనూ వస్తుంది" అని మాత్రం ఎప్పుడూ లెక్క వేసుకోకు.

డబ్బు కట్టినా కొన్ని మ్యాచ్‌లు రావు, అదొకటి. ఇంగ్లండులో శనివారం మధ్యాహ్నం 2.45 నుంచి 5.15 వరకు ఫుట్‌బాల్ మ్యాచ్‌లను ప్రత్యక్షంగా చూపకూడదన్న నియమం దశాబ్దాలుగా ఉంది, జనం మైదానానికి రావడం మానేస్తారని. అదే మ్యాచ్ వేరే దేశంలో వాళ్లు హాయిగా చూస్తారు. అందుకే వెతకడం యాప్ ప్రకటనతో మొదలుపెట్టకు, టోర్నమెంటు సొంత వెబ్‌సైట్‌తో మొదలుపెట్టు. ఏ దేశంలో ఎవరు చూపిస్తారో ఒక పేజీలో ఉంటుంది. ఆ తర్వాత యాప్ వాళ్ల షరతుల్లో రెండు మాటల కోసం చూడు: "ఎంపిక చేసిన మ్యాచ్‌లు", "హైలైట్స్". ఈ రెండూ ఉన్నచోట, కావలసిన మ్యాచే లేదని తెలిసేది ఆ రోజు సాయంత్రమే.

ఇక బొమ్మ. అందరూ "4కే ఉందా?" అని అడుగుతారు. నేనైతే సెకనుకు ఎన్ని ఫ్రేములు, అంటే ఎన్ని విడి బొమ్మలు, పంపుతారు అని అడుగుతాను. ఫాస్ట్ బౌలర్ గంటకు 150 కిలోమీటర్ల వేగంతో వేశాడనుకో. అంటే సెకనుకు దాదాపు 42 మీటర్లు. సర్వీసు సెకనుకు 25 ఫ్రేములే పంపిస్తుంటే, ఒక బొమ్మకీ తర్వాతి బొమ్మకీ మధ్య బంతి మీటరున్నరకు పైగా దూకేస్తుంది. బౌలర్ చెయ్యి వదిలిన దగ్గర్నుంచి బ్యాట్ దాకా బంతి ప్రయాణమంతా పది పన్నెండు బొమ్మల్లో అయిపోతుంది. అదే 50 ఫ్రేములైతే ఇరవైకి పైనే వస్తాయి. స్వింగయిందా, లోపలికి కట్ అయిందా అని కంటికి తెలిసేది ఆ తేడాలోనే. సినిమాకు 24 ఫ్రేములు చాలు, వందేళ్ల నుంచి మన కళ్లకు అలవాటు. ఆటకు చాలవు. ఫుల్ హెచ్‌డీలో 50 ఫ్రేములు ఇచ్చేవాణ్ణీ, 4కేలో 25 ఇచ్చేవాణ్ణీ పక్కపక్కన నిలబెడితే నేను కళ్లు మూసుకుని మొదటివాడి దగ్గరికే వెళతాను.

ఈ సంఖ్య ప్రకటనల్లో చాలాసార్లు ఉండదు, అడిగినా కస్టమర్ కేర్‌లో తెలిసినవాళ్లు తక్కువ. నువ్వే కొలుచుకోవచ్చు. నీ ఫోన్ కెమెరాలో స్లో మోషన్ ఉంటుంది, సెకనుకు 240 ఫ్రేములు తీసేది. టీవీలో కెమెరా బంతి వెంట బౌండరీ వైపు తిరుగుతున్నప్పుడు టీవీ తెరను దాంతో ఒక్క సెకను తియ్యి. ఆ ఒక్క సెకను నీ ఫోన్‌లో ఎనిమిది సెకన్లు సాగుతుంది. ఆ ఫోన్ వీడియోలో టీవీ బొమ్మ సెకనుకు మూడుసార్లు టక్ టక్‌మని మారుతుంటే వాళ్లు పంపేది 25. ఆరుసార్లు మారుతుంటే 50. కొలిచే ముందు టీవీ సెట్టింగుల్లో కదలికను నున్నగా చేసే ఆప్షన్ ఉంటే ఆపెయ్యి. అది లేని ఫ్రేములు సొంతంగా కల్పించి లెక్క తప్పిస్తుంది. ఈ పరీక్ష మీ నాన్న చూడబోయే టీవీ మీదే చెయ్యాలి. ఒకే సర్వీసు టీవీ యాప్‌కి ఒకలా, ఫోన్‌కి ఒకలా, బ్రౌజర్‌కి ఇంకోలా పంపడం మామూలే.

ఫ్రేముల తర్వాత గడ్డి చూడు. నవ్వకు. కెమెరా నిలకడగా ఉన్నప్పుడు ఏ సర్వీసైనా అందంగానే ఉంటుంది. ఒక్కసారిగా పక్కకు తిరిగినప్పుడు మైదానం పచ్చరంగు పులిమినట్టు అలుక్కుపోయి, కెమెరా ఆగాక మళ్లీ గడ్డి పోచలు మొలిచాయంటే, వాళ్లు డేటాను పిసినారిగా పంపుతున్నట్టు. గ్యాలరీలో జనం చదరపు ముక్కలుగా విడిపోవడం కూడా దీని లక్షణమే. 4కే అన్నది బొమ్మలో ఎన్ని చుక్కలో చెబుతుంది గానీ, ఆ చుక్కల్ని నింపడానికి ఎంత డేటా పంపుతున్నారో చెప్పదు. కొన్నిసార్లు మైదానంలో ఫుల్ హెచ్‌డీలో తీసిందాన్నే సాగదీసి 4కే అని ముద్ర వేస్తారు కూడా.

డేటా అన్నాను కాబట్టి ఒక లెక్క. సెకనుకు 5 మెగాబిట్ల ప్రసారమైతే గంటకు రెండుంబావు జీబీ అవుతుంది. మూడున్నర గంటల మ్యాచ్‌కి దాదాపు 8 జీబీ. మీ కనెక్షన్‌కు రోజుకింత అని పరిమితి ఉంటే ముందే చూసుకో. స్పీడ్ టెస్టు మధ్యాహ్నం కాదు, మ్యాచ్ వచ్చే వేళకే చెయ్యి. రూటర్ నుంచి టీవీకి కేబుల్ లాగగలిగితే లాగెయ్యి, సగం గోల తగ్గుతుంది.

ఇక ఆలస్యం. నేను యాప్‌లో టెన్నిస్ చూస్తున్నాను, టైబ్రేక్, మ్యాచ్ పాయింటు. సర్వ్ చేసేవాడు ఇంకా బంతిని నేలకు కొడుతున్నాడు. పక్కింట్లోంచి "అయిపోయింది రా!" అని కేక. వాళ్లకు డిష్. నా తెర మీద ఆ పాయింటు ఆడేసరికి నేను దిండు సర్దుకుని లేచిపోయాను.

ఇదెందుకంటే, ఇంటర్నెట్‌లో ప్రత్యక్ష ప్రసారం ధారలా రాదు, ముక్కలుగా కోసి పంపుతారు. చాలా సర్వీసులు వాడే హెచ్‌ఎల్‌ఎస్ పద్ధతి 2009లో వచ్చినప్పుడు ఒక్కో ముక్క పది సెకన్లుండేది. తర్వాత ఆరు సెకన్లు మామూలైంది. మధ్యలో ఆగకుండా ఉండాలని ప్లేయర్ రెండు మూడు ముక్కలు దాచుకున్నాకే చూపించడం మొదలుపెడుతుంది. మూడు ఆర్లు పద్దెనిమిది. ముక్కలు కోసే సమయం, దారిలో పట్టే సమయం కలిపితే అర నిమిషం ఇట్టే వెనకబడతాం. ఆలస్యం తగ్గించే పద్ధతులు వచ్చాయి, కొన్ని సర్వీసులు వాడుతున్నాయి కూడా. కానీ దాచుకునేది తగ్గితే, నెట్ కాస్త తడబడ్డా బొమ్మ ఆగిపోతుంది. ఊరికే ఏదీ రాదు.

దీన్ని కొలవడానికి ఫుట్‌బాల్ మంచిది, తెర మీద గడియారం ఉంటుంది. డిష్‌లో చూస్తున్నవాళ్లకు ఫోన్ చేసి గడియారం చదవమను. వాళ్లు "82:14" అంటున్నప్పుడు నీ తెర మీద 81:40 ఉంటే నువ్వు 34 సెకన్లు వెనక ఉన్నట్టు. గంట తర్వాత మళ్లీ కొలువు. ఆగిన ప్రతిసారీ కొన్ని ప్లేయర్లు ఇంకాస్త వెనకబడి, మళ్లీ అందుకోవు. ఇరవై ముప్పై సెకన్లు తప్పేలా లేకపోతే స్కోరు యాప్ నోటిఫికేషన్లు ఆపేసి, స్నేహితుల గ్రూపు మ్యూట్ చేసి చూడమను మీ నాన్నని. మ్యాచ్‌కి ప్రాణం తీసేది ఆలస్యం కాదు, ముందే తెలిసిపోవడం.

ఇక అసలు పరీక్ష. ఉచిత ట్రయల్ దొరికితే దాన్ని తీరిక రోజున వాడి పాడుచెయ్యకు. నాలుగు ఛానెళ్లు తిప్పి "బాగానే ఉంది" అనుకోవడం పరీక్ష కాదు. జనం విరగబడే మ్యాచ్ ఏదో చూసుకుని ఆ వారంలో మొదలుపెట్టు. సినిమాను ముందే కాపీలు చేసి, చూసేవాళ్లకు దగ్గర్లోని సర్వర్లలో పెట్టి ఉంచుకోవచ్చు. పైగా పదిమంది పది వేళల్లో చూస్తారు. మ్యాచ్‌లో బంతి ఇప్పుడే పడింది, అది అందరికీ ఇప్పుడే కావాలి. 2023 నవంబరు 19న వన్డే ప్రపంచ కప్ ఫైనల్‌ను హాట్‌స్టార్‌లో ఒకే సమయంలో 5.9 కోట్ల మంది చూశారు. మరుసటి ఏడాది నవంబరులో జేక్ పాల్, మైక్ టైసన్‌ల బాక్సింగ్ పోటీకి నెట్‌ఫ్లిక్స్‌లో ఒకే సమయంలో 6.5 కోట్ల స్ట్రీములు నడిచాయి. బొమ్మ ఆగిపోతోందని, మసకబారిపోతోందని ఆ రాత్రి చాలామంది మొత్తుకున్నారు. సినిమాలు, సీరియళ్లు ఇంటింటికీ పంపడంలో అంత చెయ్యి తిరిగినవాళ్లకే అలా అయితే, మిగతావాళ్ల మాట చెప్పాలా?

నేనూ ఒకసారి మోసపోయాను. మూడు మామూలు మ్యాచ్‌లు నున్నగా నడిచేసరికి ఒక సర్వీసుకు ఏడాది డబ్బు కట్టేశాను. సెమీఫైనల్ రోజు వీడియో కాదు, లాగిన్ చెడింది. "మళ్లీ లాగిన్ అవ్వండి" అంది. ఓటీపీ రాదు. ఇంకోసారి, ఇంకోసారి. చివరికి వచ్చింది, బహుమతులు ఇస్తున్నప్పుడు. అప్పట్నుంచీ పెద్ద మ్యాచ్‌కి అరగంట ముందే యాప్ తెరిచి కూర్చుంటాను. మీ నాన్న ఖాతాకు ఓటీపీ ఆయన ఫోన్‌కే వచ్చేలా పెట్టు. నీ ఫోన్‌కి వస్తే, నువ్వు మీటింగులో ఉన్నప్పుడు ఆయన టాస్ దగ్గర్నుంచి నీకు ఫోన్లు చేస్తూనే ఉంటారు. ఒకేసారి ఎన్ని తెరల మీద చూడనిస్తారో కూడా అడుగు. పాస్‌వర్డ్ ఇంట్లో అందరికీ ఇచ్చేసి, ఫైనల్ రోజు ఆయన్నే బయటికి నెట్టించకు.

చిన్న చిన్నవి కొన్ని. రాత్రి మ్యాచ్ పొద్దున చూద్దామని యాప్ తెరిస్తే మొదటి తెర మీదే గెలిచిన జట్టు ఫొటో పెట్టే సర్వీసులున్నాయి, ఫలితం దాచే ఆప్షన్ ఉందేమో చూడు. ఆలస్యంగా కూర్చుంటే మొదటి బంతి నుంచి చూడనిస్తుందా, నడుస్తున్న చోటే పడేస్తుందా? ఓవర్‌కీ ఓవర్‌కీ మధ్య వచ్చే ప్రకటన తర్వాతి ఓవర్ తొలి బంతిని మింగేస్తోందా? కామెంటరీ భాష మార్చుకోవచ్చా? ఇవన్నీ నువ్వు చూసి చెప్పేకంటే, రిమోట్ ఆయన చేతికిచ్చి మాట్లాడకుండా పక్కన కూర్చో. టీవీ ఆఫ్ చేసి ఆన్ చేసి, మళ్లీ మ్యాచ్ దాకా ఎన్ని నొక్కులతో వెళతారో లెక్కపెట్టు. పది దాటితే ఆ సర్వీసు నీకు నచ్చినా ఆయనకి కాదు.

ఏడాది ప్లాను చవక అని తొందరపడకు, మొదట ఒక నెలకే కట్టు. ఆయన చూసే లీగు ఏడాదిలో రెండు మూడు నెలలే ఉంటే మిగతా నెలల డబ్బు ఎందుకు? కట్టే ముందే రద్దు చేసే బటన్ ఎక్కడుందో వెతికి పెట్టుకో. అది దొరక్కపోతే అక్కడే ఆగిపో. ఎవరో పంపే ఉచిత లింకుల జోలికి మాత్రం పోవద్దు, అవి సరిగ్గా పెనాల్టీల దగ్గరే చస్తాయి, పోతూ పోతూ ఫోన్‌లో ఏం వదిలి వెళతాయో తెలీదు.

శనివారం మ్యాచ్ ఉందిగా, దాంతోనే మొదలుపెడదాం. నేనిక్కడ డిష్‌లో చూస్తుంటాను. రెండో సగం మొదలయ్యాక ఫోన్ చెయ్యి, గడియారం నేను చదువుతాను. స్లో మోషన్‌లో తీసిన ఆ ఒక్క సెకను వీడియో కూడా పంపించు. ఫ్రేములు నేను లెక్కపెట్టి చెబుతాను, కళ్లజోడు మారిందిగానీ ఆ పని మర్చిపోలేదు.

మీ మామయ్య