వలేరియాకు అది హాస్యమని తెలియదు

చిరంజీవికి ఆశీస్సులు.

నాయనా, ఫెనెల్లా ఫీల్డింగ్ మీద నువ్వు పంపిన వ్యాసం అందింది. బ్రిటిష్ సినిమా అనగానే హిచ్‌కాక్‌నో డేవిడ్ లీన్‌నో పట్టుకుని వేలాడడం మనవాళ్లకు అలవాటు. నువ్వు వాళ్లను వదిలేసి, దయ్యాల కొంపల్లో నవ్వులు పండించిన ఒక నటిని ఎంచుకున్నావు. ఆ ఎంపిక నచ్చింది కాబట్టే ఇంత పొడుగు ఉత్తరం. నచ్చకపోతే 'బాగుంది, రాస్తూ ఉండు' అని ఒక కార్డు ముక్క రాసి పడేసేదాన్ని. పెద్దవాళ్లు ఆ మాట ఎప్పుడు అంటారో నీకే ముందుముందు తెలుస్తుంది.

నీ మొదటి వాక్యం 'ఒక్క పాత్ర ఆమె జీవితాన్ని మింగేసింది' అని. పెద్ద మాటే. కానీ చదివేవాడికి ఆ పాత్ర ఏమిటో తెలియదు. మింగడానికి ఆ జీవితంలో ఏముందో అసలే తెలియదు. విచారణ మొదలుకాకుండానే తీర్పు చదివేశావు. రెండో పేరాలో ఆమె పుట్టుక, మూడో పేరా నుంచి సినిమాల వరస: పేరు, సంవత్సరం, పాత్ర, మళ్లీ పేరు. రైల్వే టైం టేబుల్ చదువుతున్నట్టుంది. ఆమెకు ఏమేం జరిగాయో అన్నీ ఉన్నాయి గానీ, కెమెరా ముందు నిలబడి ఆమె ఏం చేసేదో ఒక్క వాక్యమూ లేదు. నటుల గురించి రాసేవాళ్లలో ఎక్కువమంది పడే గుంట ఇదే. ముందు పని గురించి రాయి. తలరాత సంగతి తర్వాత చూద్దాం.

'క్యారీ ఆన్ స్క్రీమింగ్' 1966 నాటి సినిమా. క్యారీ ఆన్ అనే బ్రిటిష్ హాస్య చిత్రాల వరసలో 12వది, దర్శకుడు జెరాల్డ్ థామస్, తీసింది పైన్‌వుడ్ స్టూడియోలో. అప్పటికి దాదాపు పదేళ్లుగా హామర్ సంస్థ డ్రాక్యులా, ఫ్రాంకెన్‌స్టైన్ కథలను రంగుల్లో తీసి సొమ్ము చేసుకుంటోంది. ఇది ఆ సినిమాలకు వెక్కిరింత. అడవి వైపు వెళ్లిన అమ్మాయిలు మాయమవుతుంటారు. కరెంటు ఎక్కిస్తే తప్ప లేవలేని డాక్టర్ వాట్ అనే చచ్చి బతికిన పెద్దమనిషి వాళ్లను బట్టల దుకాణాల అద్దాల వెనక నిలబెట్టే బొమ్మలుగా మార్చేస్తుంటాడు. అతని సోదరి వలేరియా. అదే ఫెనెల్లా వేషం, జీవితాన్ని మింగేసిందని నువ్వన్న పాత్ర. ఆచూకీ తీస్తూ ఆ ఇంటికి వచ్చే డిటెక్టివ్ సార్జెంట్ బంగ్ వేషం హ్యారీ హెచ్. కార్బెట్‌ది.

నీ వ్యాసంలో వలేరియాకు దక్కినవి విశేషణాలు మాత్రమే. 'మత్తెక్కించే', 'మైమరపించే', 'గుండె ఝల్లుమనిపించే'. ఇవి ఏ నటికైనా అతుకుతాయి, అంటే ఎవరికీ అతకవు. కొట్టెయ్. వాటి బదులు ఆ గౌను రాయి. ముదురు ఎరుపు వెల్వెట్ గౌను, ఒంటికి అతికించినట్టుంటుంది. అది వేసుకున్నాక కూర్చోవడం కుదిరేది కాదని తర్వాత ఆమే చెప్పింది. ఆ గౌనులో పెద్ద అడుగు పడదు, కాబట్టి వలేరియా నడవదు, జారుతుంది. విశేషణం చేయాల్సిన పని బట్ట కుట్టిన తీరే చేసేసింది. ఇలాంటిది ఒకటి దొరికితే మూడు పేరాల వర్ణన మిగులుతుంది.

ఇక ఆ పొగ దృశ్యం. దాన్ని నువ్వు 'ప్రసిద్ధ దృశ్యం' అని రెండు మాటల్లో దాటేశావు. ప్రసిద్ధమైతే మాత్రం మన పాఠకుడు చూశాడా? వలేరియా సార్జెంట్ వైపు తిరిగి, నేను పొగ తాగితే మీకు అభ్యంతరమా అని అడుగుతుంది. ఇంగ్లీషులో పొగ తాగడానికీ పొగలు చిమ్మడానికీ క్రియ ఒకటే. అతను అభ్యంతరం లేదంటాడు. ఆమె సిగరెట్ తీయదు, అగ్గిపుల్ల గీయదు. చుట్టూ పొగలు లేచి ఆమెను కమ్మేస్తాయి. చమత్కారం ఇంతే, చిన్న పిల్లవాడైనా కల్పించగలడు. రచయిత టాల్బట్ రోత్‌వెల్ అంతకంటే తేలిక చమత్కారాలు బస్తాలకొద్దీ రాశాడు. మరి ఇదొక్కటే యాభై ఏళ్లు దాటినా ఎందుకు నిలిచింది?

ఆమె ఆ ప్రశ్న నిజంగా అడిగింది కాబట్టి. ఇంటికి వచ్చిన అతిథిని మర్యాదగా అనుమతి కోరే గృహిణి గొంతు అది. తర్వాత పొగ లేస్తున్నప్పుడు ఆ మొహం చూడు. 'చూశారా, ఎలా ఉంది' అన్న భావం మచ్చుకైనా కనబడదు. పొగ రావడం ఆమె ఒంటికి రోజూ ఉండే వ్యవహారం. నవ్వించే బాధ్యత పొగకు అప్పగించి తాను ఊరుకుంది. తానొక హాస్య చిత్రంలో ఉన్నానని వలేరియాకు తెలియదు. ఆమె ఉన్నది భయానక చిత్రంలో, అక్కడ ఆమె చాలా గంభీరంగా ఉంది. మనం మాత్రం పక్క హాల్లో కూర్చుని నవ్వుతున్నాం.

నీ కథల్లోనూ ఇది పనికొస్తుంది కాబట్టి ఒక మాట. పోయినసారి పంపిన హాస్య కథలో నీ పాత్రలు జోకు వేసి, తామే నవ్వి, పక్కవాడి భుజం తట్టుకుంటున్నాయి. ఇక పాఠకుడికి పనేముంది?

భయానకం, హాస్యం అని నువ్వు వ్యాసాన్ని రెండు ఉపశీర్షికలుగా చీల్చావు. అది అక్కరలేదు. ఫెనెల్లా విషయంలో ఆ రెంటికీ పెట్టుబడి ఒకటే, ఆ గొంతు. బొంగురు కాదు, గుసగుస కాదు, రెంటికీ మధ్య ఎక్కడో. ఏ పదాన్నీ తొందరగా వదలదు. నువ్వు అసలు ప్రస్తావించని పని ఒకటుంది, దాన్ని వ్యాసం నడుమ పెట్టు. 1967లో ప్యాట్రిక్ మెగూహన్ 'ది ప్రిజనర్' అనే టెలివిజన్ ధారావాహిక వచ్చింది. ఒక గూఢచారిని ఎత్తుకుపోయి, వేల్స్ సముద్రతీరంలోని పోర్ట్‌మేరియన్‌లో తీసిన ఒక ముచ్చటైన గ్రామంలో బంధిస్తారు. అక్కడ మనుషులకు పేర్లుండవు, అంకెలుంటాయి. లౌడ్‌స్పీకర్లలోంచి ఒక ఆడగొంతు అందరికీ ఉల్లాసంగా శుభోదయం చెబుతుంటుంది. ఆ గొంతు ఫెనెల్లాది. తెర మీద ఆమె పేరు కూడా వేయలేదు. మొదటి భాగంలో ఆ గొంతు ఐస్‌క్రీం అమ్మకానికి వచ్చిందని, ఈ రోజు రుచి స్ట్రాబెర్రీ అని ప్రకటిస్తుంది. తప్పించుకునే దారి లేని చోట స్ట్రాబెర్రీ ఐస్‌క్రీం. ఒళ్లు జలదరిస్తుంది. సార్జెంట్ బంగ్‌ను అనుమతి అడిగిన మర్యాదే ఇక్కడా ఉంది, వరస కూడా మారలేదు. చుట్టూ ఉన్నది మారింది, అంతే. అక్కడ నవ్వాం, ఇక్కడ భయపడ్డాం.

ఈ రెండు ఉదాహరణలు పక్కపక్కన పెట్టావంటే నీ వ్యాసానికి వెన్నెముక వచ్చినట్టే. మిగతావి దాని చుట్టూ వాటంతట అవే సర్దుకుంటాయి. 'డూగల్ అండ్ ది బ్లూ క్యాట్' అనే పిల్లల బొమ్మల చిత్రం ఇంగ్లీషు రూపంలో 'నీలి గొంతు' అనే పాత్ర ఆమెదే. లోకమంతా నీలంగా మారిపోవాలని పంతం పట్టిన కనబడని గొంతు. పిల్లల సినిమాలోనూ ఆమెను పిలిచింది భయపెట్టడానికే, గమనించావా?

ఆ గొంతు ఆకాశం నుంచి ఊడిపడలేదు. ఆమె జీవితకథలో ఏది ఉంచాలి, ఏది తీయాలి అన్నదానికి ఇదే కొలత. 1927లో లండన్‌లోని హ్యాక్నీలో పుట్టింది, తూర్పు యూరప్ నుంచి వచ్చిన యూదుల కుటుంబం, అసలు ఇంటిపేరు ఫెల్డ్‌మన్. ఇది ఉంచు. ఇంగ్లీషు దొరసానులకు మించిన ఆ దొరసాని ఉచ్చారణ ఒక వలస ఇంటి పిల్ల సాధించుకున్నదని చదివేవాడికి తెలియాలి. తర్వాత నేరుగా రంగస్థలానికి వెళ్లు. 1958లో 'వాల్‌మత్' అనే సంగీత నాటకంలో లేడీ పార్వులా పాత్ర ఆమెను నలుగురికీ తెలిసేలా చేసింది. మరుసటి ఏడాది 'పీసెస్ ఆఫ్ ఎయిట్' అనే హాస్య ప్రదర్శనలో కెన్నెత్ విలియమ్స్‌తో సమానంగా వేదిక పంచుకుంది. దానికి రాసినవాళ్లలో పీటర్ కుక్, హెరాల్డ్ పింటర్ ఉన్నారు. వేదిక మీద ఫెనెల్లాకూ విలియమ్స్‌కూ పొసగలేదని పత్రికలు చాలా రాశాయి. నువ్వూ ఒక పేరా నిండా రాశావు. ఒక వాక్యం చాలు. ఏడేళ్ల తర్వాత వలేరియా సోదరుడు డాక్టర్ వాట్‌గా వేసింది ఈ విలియమ్సే అన్నది మాత్రం నీ వ్యాసంలో లేనేలేదు! పుకారుకు పేరా ఇచ్చి, అసలు విషయాన్ని వదిలేశావు.

'ది ఓల్డ్ డార్క్ హౌస్' గురించి రాసినప్పుడు అది హామర్ సంస్థ అమెరికన్ దర్శకుడు విలియం క్యాజిల్‌తో కలిసి తీసిన 1963 చిత్రమని స్పష్టంగా చెప్పు. 1932లో జేమ్స్ వేల్ తీసిన చిత్రంతో కలిపి పులుసు చేశావు. 1963 దానిలో ఫెనెల్లా వేషం మోర్గానా ఫెమ్, పిచ్చి బంధువులతో నిండిన ఇంట్లో ఒక పిల్ల. సినిమా అంత గొప్పగా లేదని నా అభిప్రాయం. మొదట పేర్లు పడే దృశ్యానికి కార్టూనిస్టు చార్ల్స్ ఆడమ్స్ గీసిన బొమ్మలు మాత్రం చూడదగినవి. 'డాక్టర్' అనే హాస్య చిత్రాల వరసలోని చిన్న వేషాలు, నార్మన్ విజ్‌డమ్ సినిమా, 'ది ఎవెంజర్స్'లో ఒక భాగం, వీటన్నిటికీ కలిపి రెండు వాక్యాలు మించనివ్వకు.

సూర్యకాంతంతో పోలిక తీసెయ్. మన పాఠకుడికి దగ్గర చేద్దామనే పెట్టి ఉంటావు. ఉద్దేశం మంచిదే, కానీ పోలిక తప్పు. సూర్యకాంతమ్మగారు గయ్యాళి అత్త వేషం ఏళ్ల తరబడి, సినిమా తర్వాత సినిమాలో వేశారు. ఆ పేరు ఆడపిల్లకు పెట్టడానికి జనం జంకేంతగా వేశారు. ఫెనెల్లా క్యారీ ఆన్ చిత్రాల్లో కనిపించింది రెండింటిలోనే, 1961లో 'క్యారీ ఆన్ రిగార్డ్‌లెస్'లో చిన్న వేషం, 1966లో వలేరియా. తర్వాత ఆ వరసలో మళ్లీ అడుగు పెట్టలేదు. ఒకరు ముద్రను మోస్తూనే రాజ్యమేలారు, ఇంకొకరు ముద్ర పడగానే ఆ గుమ్మం దిగిపోయారు.

ఇప్పుడు నీ తీర్పు దగ్గరకు వద్దాం. మింగేసిందా? 1969లో లెస్టర్‌లో ఆమె ఇబ్సెన్ నాటకంలో హెడ్డా గాబ్లర్ వేషం వేసింది, విమర్శకులు మెచ్చుకున్నారు. సినిమా వాళ్లు మాత్రం ఆ పక్క తొంగి చూడలేదు. డెబ్బైల తర్వాత పని పలచబడింది, నిరుద్యోగ భృతి కోసం వరసలో నిలబడ్డ రోజులూ ఉన్నాయి. ఇవన్నీ రాయి, దాచకు. ఇటలీ దర్శకుడు ఫెలీనీ తన సినిమాకు పిలిస్తే, అప్పటికే చిచెస్టర్ ఊళ్లో ఒక నాటకానికి మాట ఇచ్చానని కాదన్నదన్న కథ కూడా రాయి. అయితే అది ఆమె చెప్పుకున్న కథ. ఆమె మాటగానే రాయి, నీ మాటగా కాదు. నటీనటులు తమ గురించి చెప్పేవన్నీ అబద్ధాలని కాదు నా ఉద్దేశం. వాళ్లు కథ చెప్పడంలో ఆరితేరినవాళ్లు, ఎక్కడ ఆపితే చప్పట్లు పడతాయో వాళ్లకు తెలుసు.

ఇన్ని చెప్పాక నీ జాలికథకు అడ్డు తగిలే విషయం ఒకటి మిగిలింది. 2017లో, తొంభైకి చేరువలో, ఆమె ఆత్మకథ వచ్చింది. దానికి ఆమె పెట్టుకున్న పేరు వలేరియా అడిగిన ఆ ప్రశ్నే, పొగ తాగితే అభ్యంతరమా అని. మింగిన పాత్ర మీద అలిగిన మనిషి తన పుస్తకం అట్ట మీద ఆ పాత్ర మాట వేయించుకుంటుందా? మరుసటి ఏడాది ఓబీఈ అనే బ్రిటిష్ ప్రభుత్వ బిరుదు వచ్చింది, ఆ సెప్టెంబరులోనే కన్నుమూసింది. ఆమె బాధ పడలేదని నేననను. కానీ ఆ అట్ట చూశాక నువ్వు ఆమెను పాపం అనడం ఆమెకే నచ్చదేమోనని నా అనుమానం. పాపం అన్న మాట నీ వ్యాసంలో మూడుచోట్ల ఉంది. మూడూ తీసెయ్.

ఒక పొరపాటు సరిదిద్దాలి. శీర్షిక కింద 'హామర్ భయానక చిత్రాల నాయిక' అని వేశావు. హామర్‌తో ఆమె పేరు కలిసింది 'ది ఓల్డ్ డార్క్ హౌస్' వల్ల. 'స్క్రీమింగ్' హామర్ వాళ్లది కాదు, వాళ్లను ఆటపట్టించిన సినిమా. ఇంగ్లీషు సినిమాలు ఎరిగిన పాఠకుడు అక్కడే పత్రిక మూసేస్తాడు. అది మార్చి, పొగ దృశ్యంతో మొదలుపెట్టి, ఇప్పుడున్న నిడివిలో సగానికి తెచ్చి పంపు. సంపాదకుడికి నేను ఫోను చేస్తాను, ఈ నెల సంచికకు ఇంకా చోటుంది.

ఆశీస్సులతో,
మీ అమ్మమ్మ వయసు రచయిత్రి