సందేహాలు – సమాధానాలు: గర్భస్రావమా, గర్భపాతమా, భ్రూణహత్యా?

సందేహం: కడుపు తీయించుకోవడాన్ని స్త్రీల హక్కుగా గుర్తించిన 1973 నాటి రో వర్సెస్ వేడ్ తీర్పును అమెరికా సుప్రీంకోర్టు 2022లో కొట్టేసినప్పుడు తెలుగులో వచ్చిన వార్తల్లో ఒకచోట ‘గర్భస్రావ హక్కు’ అనీ, ఇంకోచోట ‘గర్భపాతం’ అనీ, ఒక వ్యాసంలో ఏకంగా ‘భ్రూణహత్య’ అనీ చదివాను. మూడూ ఒకటేనా? – ఒక పాఠకురాలు, నెల్లూరు

సమాధానం: ఒకటి కాదమ్మా. స్రావమంటే కారడం, పాతమంటే పడడం. ప్రాచీన వైద్యుడు సుశ్రుతుడి లెక్కలో నాలుగో నెల దాకా పోతే స్రావం, శరీరం గట్టిపడ్డాక అయిదు, ఆరు నెలల్లో పోతే పాతం. ఆ తేడా నెలలదే తప్ప తనంతట పోయిందా, తీయించుకుందా అన్నదానిది కాదు. తర్వాత వాడుకలో గర్భస్రావమంటే తనంతట పోవడమే అయింది కాబట్టి ‘గర్భస్రావం చేయించుకుంది’ అని చదివినప్పుడల్లా నాకు పంటికింద రాయి పడ్డట్టుంటుంది. అయితే తప్పంతా విలేకరులదే అనలేను. 1860 నాటి భారత శిక్షాస్మృతి 312వ సెక్షన్ కావాలని చేసినదాన్ని కూడా మిస్‌కారేజ్ (ఇంగ్లిషు వాడుకలో తనంతట పోవడం) అనే అంది, మన అనువాదాలు ఆ దారినే నడిచాయి. ఇళ్లలో ఆడవాళ్లకు ఈ తికమకే లేదు. కడుపు పోయింది, కడుపు తీయించుకుంది: క్రియ మారిస్తే చాలు, ఎవరికైనా తెలిసిపోతుంది. ఇంత చక్కని మాటలుండగా పత్రికలకు అవి మోటుగా ఎందుకు తోస్తాయో!

అసలు మెలిక ‘గర్భం’ అన్న మాటలోనే ఉంది. దీనికి పోతన దగ్గరికి వెళ్లాల్సిందే. భాగవతం ప్రథమ స్కంధంలో అశ్వత్థామ అస్త్రం తన కడుపు మీదికి వస్తుంటే ఉత్తర కృష్ణుడికి మొరపెట్టుకుంటుంది. మొదట ‘ఉదరాంతర్గత గర్భదాహమునకై’ వస్తోందంటుంది, అంటే అక్కడ గర్భం కడుపులో ఉన్నది. వెంటనే ‘గర్భములో నున్న శిశువు’ అంటుంది, ఇక్కడ గర్భం కడుపే! ఆ తర్వాత ఆటవెలది చూడండి:

గర్భమందుఁ గమలగర్భాండశతములు
నిముడుకొన వహించు నీశ్వరేశ!
నీకు నొక్క మానినీగర్భరక్షణ
మెంత బరువు నిర్వహింతు గాక.

బ్రహ్మాండాలు వందలకొద్దీ కడుపులో మోసేవాడివి, ఒక ఆడదాని గర్భాన్ని కాపాడడం నీకెంత బరువు అని అడుగుతోంది. ఆ ‘మానినీగర్భం’ తల్లి కడుపా, కడుపులోని బిడ్డా? నేను ఎన్నిసార్లు చదివినా విడదీయలేకపోయాను. ఆ భయంలో ఉన్న తల్లికి రెండూ ఒకటే మరి. ఈనాటి వాదమంతా ఆ రెంటినీ విడదీయాలా వద్దా, విడదీస్తే ఎవరి మాట చెల్లాలి అన్నదే కదా.

ఇక భ్రూణం. పాత సంస్కృత నిఘంటువు అమరకోశం ఒకచోట ‘గర్భో భ్రూణ ఇమౌ సమౌ’, అంటే గర్భం, భ్రూణం రెండూ ఒకటే అంది, పలు అర్థాల మాటలు చెప్పే నానార్థాల్లో మాత్రం పసిబిడ్డకూ అదే మాట చెప్పింది. పాత ధర్మశాస్త్రాల్లో భ్రూణహుడంటే వేదం చదివిన బ్రాహ్మణుణ్ణి చంపినవాడనే అర్థం కూడా ఉంది. కాబట్టి నిఘంటువు చూపించి ఈ తగువు తీర్చగలమని ఎవరూ అనుకోవద్దు. నా కోపం వేరే చోట. హత్య అన్నాక తీర్పు చెప్పేసినట్టే, ఇక వాదించడానికేముంది? మన దేశంలో 1971 చట్టం, 2021 సవరణ కలిపి 20 వారాల దాకా ఒక డాక్టరు అభిప్రాయంతో, కొన్ని వర్గాల స్త్రీలకు 24 వారాల దాకా ఇద్దరి అభిప్రాయంతో అనుమతిస్తున్నాయి. అలా చట్టం ఒప్పుకున్న పనికి వార్తలో హత్య అని పేరు పెట్టడం అన్యాయం. అది పాపమని నమ్మేవాళ్లు తమ వ్యాసంలో ఆ మాట రాసుకుంటే కాదనను, అది వాళ్ల నమ్మకం. ఆడపిల్ల అని స్కాన్‌లో తెలుసుకుని తీయించడం సంగతి వేరు, స్కాన్‌లో ఆడో మగో చెప్పడాన్ని 1994 చట్టమే నేరమంది. అక్కడ ‘ఆడశిశు భ్రూణహత్య’ అన్న మాట జనంలో పాతుకుపోయింది, దాన్ని పీకమని నేను చెప్పను.

తనంతట పోతే గర్భస్రావం, తీయించుకుంటే గర్భవిచ్ఛిత్తి అని రాయండి. గర్భపాతం రెండింటికీ చెల్లుతుంది గనుక వాక్యం చూసుకుని వాడాలి. అబార్షన్ అన్నా నాకేం అభ్యంతరం లేదు, అది అందరి నోటా ఉన్నదే.